పికప్ బండిలో బీసీఎం మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పికప్ బండి ఒక్క రోజు ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది, కిస్తీ మాత్రం ఆగదు. అందుకే లైట్లు వాటంతట అవే వెలగడం, తాళం తిప్పినా బండి స్టార్ట్ కాకపోవడం లాంటి చిక్కులు వచ్చినప్పుడు ఎవరైనా ‘బీసీఎం పోయింది, మార్చేద్దాం’ అనగానే యజమానులు సరేననేస్తారు. ఆ తొందర మాకు అర్థమవుతుంది. కానీ బీసీఎం ఖరీదైన సామాను. ఒకసారి బండికి తగిలించాక దాన్ని వెనక్కి తీసుకునే దుకాణం దాదాపుగా ఉండదు. బోయినపల్లి కూరగాయల మార్కెట్, బాటసింగారం పండ్ల మార్కెట్, జీడిమెట్ల, కాటేదాన్ పారిశ్రామికవాడల మధ్య తిరిగే బండ్ల వైరింగ్ పని చేసే మమ్మల్ని డ్రైవర్లు, యజమానులు పదే పదే అడిగే ప్రశ్నలివి. డబ్బు చేతి నుంచి వెళ్లకముందే ఒకసారి చదవండి.

బీసీఎం అంటే ఏమిటి? అది చేసే పని ఏమిటి?

బాడీ కంట్రోల్ మాడ్యూల్‌ను పొట్టిగా బీసీఎం అంటారు. ఇంజన్ సంగతి ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్ చూసుకుంటుంది. కేబిన్‌లోనూ బాడీ మీదా జరిగే కరెంటు పనులన్నీ బీసీఎం చూసుకుంటుంది. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్, సెంట్రల్ లాకింగ్, కేబిన్ దీపం, తలుపు సరిగా పడలేదనే హెచ్చరిక, ఇలాంటివన్నీ దాని కిందికే వస్తాయి. చాలా మోడళ్లలో దొంగతనం జరగకుండా కాపాడే ఇమ్మొబిలైజర్ పని కూడా దీనిదే.

పాత బండ్లలో స్విచ్ నొక్కితే కరెంటు ఆ స్విచ్ మీదుగానో, ఒక రిలే మీదుగానో బల్బుకు చేరేది. ఇప్పుడు స్విచ్ సంకేతం మాత్రమే ఇస్తుంది. దాన్ని అందుకుని బల్బుకు కరెంటు పంపేది బీసీఎం. ఇండికేటర్ ఎంత వేగంగా కొట్టుకోవాలో, బల్బు మాడిపోతే డ్రైవర్‌కు ఎలా తెలియజేయాలో కూడా అదే చూస్తుంది. డాష్‌బోర్డు మీటర్‌తో, ఈసీయూతో, బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్‌తో ఇది క్యాన్ అనే రెండు తీగల లైను మీద మాట్లాడుతుంది. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన ఈ పద్ధతే ఇప్పటికీ బండ్లలో నడుస్తోంది. ఆ రెండు తీగల్లో ఏ ఒక్కటి దెబ్బతిన్నా బీసీఎం బాగున్నా చెడిపోయినట్టే కనిపిస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద చాలా చోట్ల పనికొస్తుంది.

మా బండిలో బీసీఎం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

యజమాని చేతిపుస్తకంలో ఫ్యూజుల పేజీ చూడండి. బీసీఎంకు వెళ్లే ఫ్యూజులు అక్కడ రాసి ఉంటాయి. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి బండ్లలో ఇది తప్పకుండా ఉంటుంది. టొయోటా సర్వీసు పుస్తకాల్లో దీన్ని మెయిన్ బాడీ ఈసీయూ అని రాస్తారు, దుకాణంలో అడిగేటప్పుడు ఆ పేరు కూడా చెప్పండి. సరుకు మోసే సాదా పికప్‌లలో మాత్రం మోడల్‌ను, తయారైన సంవత్సరాన్ని బట్టి తేడా ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఎలక్ట్రానిక్స్ పెరిగాయి. అంతకు ముందరి బండ్లలో కొన్నింటికి ఇప్పటికీ విడి ఫ్లాషర్ రిలే, విడి వైపర్ రిలే ఉంటాయి. అలాంటి బండికి ఎవరైనా బీసీఎం మార్చాలంటే ముందు అది ఎక్కడుందో చూపించమనండి.

బీసీఎం చెడిపోతే ఎలాంటి లక్షణాలు కనిపిస్తాయి?

ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులు కలిసి తప్పడం పెద్ద గుర్తు. ఇండికేటర్ వేస్తే వైపర్ కదులుతుంది. బండి ఆపి తాళం తీసినా పార్కింగ్ లైటు ఆరదు. సెంట్రల్ లాక్ దానంతట అదే పడుతూ లేస్తూ ఉంటుంది. హారన్ ఒకసారి మోగి ఒకసారి మోగదు. మీటర్‌లో తాళం గుర్తు మిణుకుమిణుకుమంటూ సెల్ఫ్ తిరగదు, లేదా సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోదు. బండి రెండు మూడు రోజులు కదలకుండా ఉంటే బ్యాటరీ దిగిపోతుంది.

ఒక్క హెడ్‌లైట్ మాత్రమే వెలగకపోతే అది దాదాపుగా బల్బు, సాకెట్ లేదా ఫ్యూజు సమస్య.

ఈ లక్షణాలన్నీ మా బండిలో ఉన్నాయి. ఇక బీసీఎం పోయినట్టేనా?

ఇంకా చెప్పలేం. ఈ లక్షణాలతో వచ్చే బండ్లలో చాలావాటికి అసలు జబ్బు బ్యాటరీలోనో, ఎర్త్‌లోనో (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి), కప్లర్‌లోనో (తీగలను బాక్సుకు కలిపే ప్లగ్గు) దొరుకుతుంది. బీసీఎం ఒక చిన్న కంప్యూటర్. దానికి సరైన వోల్టేజీ అందకపోతే పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. కాబట్టి కింది పరీక్షలు ఈ వరుసలోనే చేయించండి. వీటికి కావలసింది ఒక మల్టీమీటర్, కొంచెం ఓపిక.

మొదట బ్యాటరీ. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12 వోల్టులకు పడిపోయిందంటే అది దాదాపు ఖాళీ అయినట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి జారకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటుతోందంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పాడైంది. దాన్ని బాగుచేయకుండా కొత్త బీసీఎం పెడితే అది కూడా కాలిపోవచ్చు.

తర్వాత ఎర్త్. ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే, చాలామంది ఎర్త్ తీగను కంటితో చూసి బాగుందని వదిలేస్తారు. ఎర్త్‌ను లోడు మీద కొలవాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఉంచి, మల్టీమీటర్ నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర తీగను బీసీఎం ఎర్త్ బోల్టు మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు వస్తే మంచిదే. 0.2 దాటితే ఎక్కడో తుప్పు, వదులు ఉన్నాయి. బోల్టు విప్పి, కింద రంగు, తుప్పు గీకి, మళ్లీ బిగించి చూడండి. సగం రోగాలు ఇక్కడే కుదురుతాయి.

మూడోది ఫ్యూజులు. పైకి తీసి చూడటం చాలదు. బండిలో ఉండగానే, ఇగ్నిషన్ వేసి, ఫ్యూజు రెండు చివరల మీదా వోల్టేజీ వస్తోందా అని చూడాలి. బీసీఎంకు ఒకటి కంటే ఎక్కువ ఫ్యూజుల నుంచి కరెంటు వస్తుంది. ఒకటి పోతే కొన్ని పనులు నడుస్తూ కొన్ని ఆగిపోతాయి, అప్పుడే అందరికీ బీసీఎం మీద అనుమానం వస్తుంది.

నాలుగోది కప్లర్లు. బ్యాటరీ తీసి, ఒక్కో కప్లర్‌ను లాక్ నొక్కి నెమ్మదిగా లాగి, పిన్నుల మీద టార్చి వేసి చూడండి. వర్షాకాలంలో ఒక కూరగాయల బండి మా దగ్గరకు వచ్చింది. ఎడమ ఇండికేటర్ వేస్తే దాని వైపర్ కదిలేది. డ్రైవర్ కాళ్ల పక్కనున్న ప్లాస్టిక్ కవర్ తీసి కార్పెట్ నొక్కితే వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారాయి. బీసీఎం కింది వరుస కప్లర్‌లో పక్కపక్కనే ఉన్న పిన్నుల మీద పచ్చటి పొడి పేరుకుని, ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు పాకి ఉంది. మూలం వెతికితే ముందు అద్దం కింది అంచున దొరికింది. అద్దం మార్చినప్పుడు అక్కడ సీలెంటు సరిగా పడలేదు. బీసీఎం మూత తెరిస్తే లోపలి బోర్డు పొడిగానే ఉంది. పిన్నులు శుభ్రం చేసి, తుప్పు తినేసిన టెర్మినల్ మార్చి, అద్దం మళ్లీ అతికించాక బండి మామూలైంది. అప్పటికే ఆ యజమాని కొత్త బీసీఎంకు అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నారు.

అయిదోది, బయట బిగించిన సామాను. అదనపు హారన్లు, ఎల్‌ఈడీ పట్టీలు, మ్యూజిక్ సిస్టం, జీపీఎస్ పెట్టె, తర్వాత పెట్టించిన సెంట్రల్ లాక్, వీటన్నిటినీ విప్పేసి చూడండి. తీగను మధ్యలో కోసి, మెలిపెట్టి, టేపు చుట్టిన చోటు ప్రతిదీ అనుమానించదగ్గదే.

ఈ అయిదూ సరిగ్గా ఉన్నా రోగం కుదరలేదంటే అప్పుడు బీసీఎం వైపు చూడవచ్చు. బీసీఎంలోకి స్విచ్ సంకేతం వస్తోంది, కరెంటు ఉంది, ఎర్త్ ఉంది, కానీ బయటకు రావలసిన చోట వోల్టేజీ రావడం లేదు అని మల్టీమీటర్ మీద చూపించగలిగితే అదే రుజువు. ఆ రుజువు చూపించమని అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.

మా మెకానిక్ బల్బు టెస్టర్‌తో చూస్తున్నారు. ఫర్వాలేదా?

ఫ్యూజులకు ఫర్వాలేదు. బీసీఎం, క్యాన్ తీగల మీద వద్దు. బల్బు టెస్టర్ తనే కరెంటు లాగుతుంది, సున్నితమైన సర్క్యూట్‌ను అది కాల్చగలదు. మల్టీమీటర్ వాడమని చెప్పండి.

స్కానర్ పెడితే వెంటనే తెలిసిపోదా?

స్కానర్ దారి చూపుతుంది, తీర్పు చెప్పదు. పీ అక్షరంతో మొదలయ్యే కోడ్లు ఇంజన్, గేరుబాక్సుల వైపువి. సీ అంటే బ్రేకులు, చట్రం వైపు. బీ అంటే బాడీ. యూ అంటే మాడ్యూళ్ల మధ్య మాటలు తెగిపోయాయని అర్థం. యూ0140 అనే కోడ్ చూసి ‘బీసీఎం కోడ్ వచ్చింది, మార్చాలి’ అంటుంటారు. బీసీఎంతో సంబంధం తెగిపోయిందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. బీసీఎం చచ్చిపోయి ఉండవచ్చు, దాని ఫ్యూజు పోయి ఉండవచ్చు, క్యాన్ తీగను ఎలుక కొరికి ఉండవచ్చు.

క్యాన్ లైనును కొలిచే సులువైన మార్గం ఒకటి ఉంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో 6, 14 నంబరు పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. లైనుకు రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది కాబట్టి రెండూ కలిసి సుమారు 60 చూపాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గరకు వస్తే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి. ఈ సాకెట్‌కూ లోపలి లైనుకూ మధ్యలో గేట్‌వే అనే మరో మాడ్యూల్ ఉన్న మోడళ్లలో ఈ లెక్క వేరుగా ఉండవచ్చు, వాటికి ఆ బండి వైరింగ్ బొమ్మ చూడాల్సిందే.

ఇంకో మాట. రోడ్డు పక్క వాడే చౌక స్కానర్లలో చాలావరకు ఇంజన్ కోడ్లు మాత్రమే చదువుతాయి. వాటిలో ‘కోడ్లు లేవు’ అని వస్తే బాడీ వైపు అంతా బాగుందని అనుకోకూడదు.

బ్యాటరీ కొత్తదే అయినా దిగిపోతోంది. బీసీఎం కారణం కావచ్చా?

కావచ్చు. బండి లాక్ చేశాక మాడ్యూళ్లన్నీ కొంతసేపటికి నిద్రలోకి జారుకోవాలి. అలా జారుకున్నాక బండి మొత్తం లాగే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటుంది. బీసీఎం నిద్రపోకుండా మేలుకునే ఉంటే అర ఆంపియర్ దాకా లాగవచ్చు. అంటే రోజుకు 12 ఆంపియర్ గంటలు. పండగకు ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చేసరికి సెల్ఫ్ ఎత్తదు.

కొలిచేటప్పుడు లాక్ చేసి కనీసం అరగంట ఆగాలి. ఫ్యూజులు ఒక్కొక్కటి లాగి చూడటం కంటే ఫ్యూజు రెండు చివరల మధ్య మిల్లీవోల్టులు కొలవడం మేలు, ఎందుకంటే ఫ్యూజు లాగి పెట్టగానే మాడ్యూల్ మళ్లీ మేలుకుంటుంది. చాలాసార్లు దొరికే దొంగ బీసీఎం కాదు, తలుపు స్విచ్. తలుపు తెరిచే ఉందని అది చెబుతుంటే పాపం బీసీఎం ఎలా నిద్రపోతుంది? జీపీఎస్ పెట్టెలను కూడా వదలకండి.

అసలు బీసీఎం ఎందుకు చెడిపోతుంది?

మన నగరంలో మొదటి శత్రువు నీళ్లు. చాలా బండ్లలో బీసీఎం డాష్‌బోర్డు కింద, కాళ్ల దగ్గర ఉంటుంది. 2020 అక్టోబరు వానలకు నగరం మునిగినప్పుడు కేబిన్‌లోకి నీళ్లు చేరిన బండ్లు ఎన్నో. మునగాల్సిన పని కూడా లేదు. ముందు అద్దం అంచు, వైపర్ల కింద ఆకులతో మూసుకుపోయిన నీటి దారి, ఏసీ నీళ్ల గొట్టం, ఇవి కొంచెం కొంచెంగా కారుతూ ఏడాదిలో ఆ పని చేస్తాయి. మార్కెట్ నుంచి వచ్చాక కేబిన్ లోపల కూడా ప్రెషర్ పైపుతో కడిగే అలవాటు ఉంది. దయచేసి మానేయండి. తడిగుడ్డ చాలు.

రెండో కారణం తప్పుడు కరెంటు. బ్యాటరీ దిగినప్పుడు మార్కెట్‌లో పక్కనున్న పెద్ద లారీ నుంచి తీగలు వేసి స్టార్ట్ చేస్తారు. పెద్ద లారీలది 24 వోల్టుల వ్యవస్థ, పికప్‌ది 12. ఆ ఒక్క క్షణం చాలు. తీగలు తిరగేసి తగిలించినా అంతే. బ్యాటరీ తీయకుండా బాడీకి వెల్డింగ్ చేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. వెనుక బాడీకి ఇనుప చట్రం కట్టించేటప్పుడు, కొక్కేలు వేయించేటప్పుడు నెగటివ్ తీగ విప్పించండి. ఒక స్పానర్, ఒక నిమిషం చాలు.

మూడోది అదనపు భారం. కంపెనీ హెచ్4 బల్బు 60/55 వాట్లది, 12 వోల్టుల లెక్కన 5 ఆంపియర్లు లాగుతుంది. దాని స్థానంలో 100 వాట్ల బల్బు పెడితే ఎనిమిది దాటుతుంది. బీసీఎంలో ఆ దారి అంత కరెంటు కోసం కట్టింది కాదు. వెనుక సరుకు దించడానికి దీపాలు కావాలంటే పార్కింగ్ లైటు తీగ నుంచి లాగకండి. బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజు, రిలే, స్విచ్ పెట్టి వేయించండి.

ఎలుకల సంగతి గోదాముల దగ్గర బండి నిలిపేవారికి మేము చెప్పక్కర్లేదు. మలక్‌పేట, బేగంబజార్ వైపు సరుకు ఎత్తే బండ్ల బానెట్ కింద ధాన్యం గింజలు దొరుకుతూనే ఉంటాయి. వారానికి ఒకసారి బానెట్ ఎత్తి చూడండి.

కేబిన్‌లోకి నీళ్లు వచ్చాయి. ఇప్పుడు ఏం చేయాలి?

తాళం తిప్పకండి. స్టార్ట్ అవుతుందేమో చూద్దామనే కోరిక అందరికీ కలుగుతుంది, నష్టం చేసేది అదే. తడి బోర్డు మీద కరెంటు లేకపోతే చాలాసార్లు బతుకుతుంది. కరెంటు ఉంటే గంటల్లో పిన్నులు తినేస్తుంది. నీళ్లు తగ్గాక, బండిని చేరుకోవడం సురక్షితమని తెలిశాక, నెగటివ్ తీగ విప్పండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో కనిపించేలా ఫొటోలు తీసుకుని బీమా కంపెనీకి వెంటనే తెలియజేయండి. బండిని లాగించి తీసుకెళ్లండి.

వర్క్‌షాపులో బీసీఎం విప్పి, మూత తెరిచి, బురద ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ఎండలో గంటసేపు పెట్టి బిగించేయడం సరిపోదు, కప్లర్ల లోపల తడి అంత త్వరగా పోదు. కార్పెట్, దాని కింది స్పాంజి బయటకు తీయకుండా ఆరబెట్టామనే మాట నమ్మకండి.

చెడిపోయిన బీసీఎంను రిపేరు చేయించవచ్చా?

కొన్నింటిని చేయించవచ్చు. బోర్డు మీది రిలే అంటుకుపోవడం, టంకం పగలడం, ఒక దారి తాలూకు డ్రైవర్ చిప్ కాలిపోవడం, ఇవి బాగయ్యేవే. ఈ పనికి రోడ్డు పక్క టంకం కడ్డీ చాలదు, చిప్‌ల పని తెలిసినవారు కావాలి. రిపేరులో ఒక పెద్ద సుఖం ఉంది: అదే బాక్సు తిరిగి వస్తుంది కాబట్టి తాళాల జత, కోడింగ్ చెక్కుచెదరవు. ప్రాసెసర్ కిందికి తుప్పు పాకితే, బోర్డు పొరల్లో రాగి గీతలు తినేస్తే మాత్రం మార్చడమే దారి.

కొత్త బీసీఎం ఎక్కడ కొనాలి?

ముందు పార్ట్ నంబరు. పాత బాక్సు మీది స్టిక్కర్‌ను స్పష్టంగా ఫొటో తీసుకోండి. ఒకే మోడల్‌లో కూడా పవర్ విండోలు ఉన్నదానికి, లేనిదానికి నంబరు మారుతుంది. చివరి ఒక్క అక్షరం తేడా ఉన్నా కప్లర్లు చక్కగా సరిపోతాయి, పనులు సరిపోవు. చాసిస్ నంబరు చెబితే కంపెనీ విడిభాగాల కౌంటర్‌లో సరైన నంబరు తీసి ఇస్తారు.

రాణిగంజ్‌లో అన్ని కంపెనీల సామాను దొరుకుతుంది, విజయవాడ రహదారి మీద ఆటోనగర్‌లోనూ చాలా దొరుకుతాయి. బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేట్ల కోసం మేమూ అక్కడికే వెళతాం. బీసీఎం మాత్రం కంపెనీ అధీకృత కౌంటర్‌లో, సీలు విప్పని డబ్బాలో, జీఎస్టీ బిల్లుతో కొనమని మా సలహా. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నింటి మీదా జీఎస్టీ 18 శాతం. ‘బిల్లు లేకుండా తగ్గించి ఇస్తాం’ అనే మాటకు లొంగితే రేపు వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

సెకండ్ హ్యాండ్ బీసీఎం సగం ధరకే వస్తోంది. తీసుకోవచ్చా?

మేము వద్దంటాం. అందులో పాత బండి చాసిస్ నంబరు, పాత తాళాల వివరాలు ఉంటాయి. కొన్ని కంపెనీల బీసీఎంలు ఒకసారి ఒక బండికి ముడిపడ్డాక ఇంకో బండికి కుదరవు. కుదరాలంటే పాత బోర్డు మెమరీని చదివి కొత్తదానిలో రాసే పని తెలిసినవారు ఉండాలి. అది చేయగల చేతులు నగరంలో ఉన్నాయి, కానీ ఆ పని ఖర్చు కలిపితే సగం ధర అనే సంతోషం మిగలదు. ఆ బాక్సు నీట మునిగిన బండిలోదో, దొంగ బండిలోదో మీకు తెలిసే దారి కూడా లేదు.

కొత్తది తగిలించగానే పనిచేస్తుందా?

పని చేయదు, చేసినా పూర్తిగా చేయదు. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. కొత్త బీసీఎంకు మీ బండి గురించి ఏమీ తెలియదు. ఏబీఎస్ ఉందా, పవర్ విండోలు ఉన్నాయా, ఫాగ్ ల్యాంపులు ఉన్నాయా, ఏ రకం మీటర్, ఇవన్నీ కంపెనీ స్కానర్‌తో అందులో రాయాలి. దీన్నే కోడింగ్ అంటారు. పాత బీసీఎం ఇంకా స్కానర్‌తో మాట్లాడగలిగే స్థితిలో ఉంటే విప్పకముందే దాని వివరాలు చదివి దాచిపెట్టాలి, తర్వాత పని చాలా తేలికవుతుంది. పాతది పూర్తిగా చచ్చిపోతే చాసిస్ నంబరు ఆధారంగా కంపెనీ సర్వర్ నుంచి తెచ్చుకోవాలి.

కాబట్టి బాక్సు కొనడానికి ముందే ‘మీ మోడల్‌కు బీసీఎం కోడింగ్, తాళాల జత మీరే చేస్తారా?’ అని వర్క్‌షాపులో నేరుగా అడగండి. ‘ముందు తెచ్చి పెట్టండి, చూద్దాం’ అంటే వేరే వర్క్‌షాపు చూసుకోండి.

తాళాలు కూడా మార్చాలా?

లోహపు తాళం మారదు. తాళం తలలో ఉండే చిప్‌ను కొత్త బీసీఎంకు, ఈసీయూకు పరిచయం చేయాలి. అందుకు ఆ బండికి కంపెనీ ఇచ్చిన రహస్య కోడ్ కావాలి. ఆర్సీ, గుర్తింపు పత్రం చూశాకే షోరూమ్ వారు దాన్ని వాడతారు, అలా అడగడం మంచిదే. బండి ఫైనాన్స్‌లో ఉన్నా, మీ పేరు మీదికి ఇంకా మారకపోయినా ఆ కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.

ఉన్న తాళాలన్నీ వెంట తీసుకెళ్లండి. జత చేసేటప్పుడు లేని తాళం చాలా మోడళ్లలో చెల్లకుండా పోతుంది. ఇంట్లో బీరువాలో ఉన్న రెండో తాళం కోసం మళ్లీ ఇంకో రోజు, ఇంకో బిల్లు ఎందుకు?

కిలోమీటర్లు మారిపోతాయా?

చాలా బండ్లలో కిలోమీటర్ల లెక్క మీటర్‌లో ఉంటుంది, కొన్నింటిలో బీసీఎంలోనూ ఒక నకలు ఉంటుంది. పనికి ముందు మీటర్ ఫొటో తీసి, ఆ అంకె జాబ్ కార్డు మీద రాయించండి. తర్వాత తేడా వస్తే సరిచేయించుకోవడానికి, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవారికి చూపడానికి అది పనికొస్తుంది.

మార్చే పని ఎలా జరగాలి? పక్కన నిలబడి ఏం చూడాలి?

మొదట ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పాలి. ఎయిర్‌బ్యాగు ఉన్న బండి అయితే వెంటనే డాష్‌బోర్డు మీద చేయి వేయకూడదు, కొన్ని నిమిషాలు ఆగాలి. తర్వాత కాళ్ల దగ్గరి కవర్ తీస్తారు. క్లిప్పులు విరగకుండా ప్లాస్టిక్ పట్టీతో లేపుతున్నారో లేదో చూడండి, స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే ఆ కవర్ ఇక జీవితాంతం గడగడలాడుతుంది. కప్లర్లు విప్పకముందు ఫొటో తీయాలి. కప్లర్‌ను తీగలు పట్టుకుని లాగకూడదు.

కొత్త బాక్సు పెట్టే ముందు ప్రతి కప్లర్ పిన్నునూ మళ్లీ ఒకసారి చూడాలి. పాతది చెడిపోవడానికి కారణమైన నీటి దారి, షార్టు తీగ, వేడెక్కిన ఎర్త్ ఇంకా అక్కడే ఉంటే కొత్తది కూడా అదే దారిన పోతుంది. అందుకే ‘పాతది ఎందుకు పోయింది?’ అనే ప్రశ్నకు జవాబు రాకుండా కొత్తది బిగించనివ్వకండి.

కోడింగ్ నడుస్తున్నంతసేపు వోల్టేజీ నిలకడగా ఉండాలి. మంచి వర్క్‌షాపులో బ్యాటరీకి స్థిరమైన పవర్ సప్లై తగిలిస్తారు. మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త బాక్సు సాఫ్ట్‌వేర్ సగంలో ఆగి పనికిరాకుండా పోవచ్చు. ఆ సమయంలో తలుపులు తెరవడం, లైట్లు వేయడం, ఫోను చార్జింగ్ పెట్టడం వద్దు.

ఎంత సమయం, ఎంత ఖర్చు?

విప్పి బిగించడం గంట, రెండు గంటల పని. కోడింగ్, తాళాల జత కలిపి సాధారణంగా అదే రోజు అయిపోతాయి. ఆలస్యమంతా సామాను రావడంలోనే ఉంటుంది.

ఖర్చు మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ అంకె రాసి మిమ్మల్ని తప్పుదారి పట్టించం. లెక్క మాత్రం నాలుగు ముక్కలుగా అడగండి: పరీక్షల కూలి, బాక్సు ధర, బిగించే కూలి, కోడింగ్‌కూ తాళాల జతకూ కలిపి చార్జీ. పని మొదలయ్యే ముందే కాగితం మీద తీసుకోండి.

నేనే మార్చుకోవచ్చా?

బ్యాటరీ, ఎర్త్, ఫ్యూజుల పరీక్షలు నిక్షేపంగా చేసుకోవచ్చు, చేసుకోండి కూడా. బాక్సు మార్చడం, కోడింగ్ వర్క్‌షాపుకే వదిలేయండి.

ఈ రాత్రికే మార్కెట్‌కు వెళ్లాలి. తాత్కాలికంగా ఏదైనా చేయవచ్చా?

హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, వైపర్లు నమ్మకంగా పనిచేయకపోతే బండి తీయకండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద తెల్లవారుజామున బ్రేకు లైటు లేని పికప్ వెనుక వచ్చేవారికీ, మీకూ ప్రాణగండం. ఆ ఒక్క రాత్రికి సరుకును వేరే బండికి మార్చుకోండి. తీగలు నేరుగా కలిపి లైట్లు వెలిగిస్తామనేవారు ఉంటారు, ఫ్యూజు లేని ఆ తీగ డాష్‌బోర్డు కింద అంటుకుంటే ఆపేది ఏదీ ఉండదు.

బీమా వస్తుందా?

వరద నీటి వల్ల పోతే, మీకు సమగ్ర పాలసీ ఉంటే అడగవచ్చు. థర్డ్ పార్టీ పాలసీకి రాదు. వాడకంలో దానంతట అదే చెడిపోతే సాధారణ పాలసీలో అది విద్యుత్ లోపం కిందికి వస్తుంది, దానికి పరిహారం ఉండదు. బండి ఇంకా కంపెనీ వారంటీలో ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. బయట తీగలు కోసిన ఆనవాళ్లు ఉంటే తిరస్కరించే అవకాశం ఉంది.

బిల్లు ఉండి కూడా వారంటీ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

బండి తీసుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

వర్క్‌షాపు గేటు దాటక ముందే ప్రతి స్విచ్ నొక్కండి. డిమ్, డిప్పర్, నాలుగు ఇండికేటర్లు, హజార్డ్, బ్రేకు లైటు, రివర్సు లైటు, హారన్, వైపర్ అన్ని వేగాలు, నీళ్ల స్ప్రే, రెండు తలుపుల లాకు, కిటికీలు. ఉన్న ప్రతి తాళంతోనూ విడివిడిగా స్టార్ట్ చేయండి. స్కానర్‌తో కోడ్లు చెరిపి, ఇంజన్ నడిపి, మళ్లీ చదివించి ఏవీ తిరిగి రాలేదని చూడండి. వీలైతే ముందు అద్దం మీద బకెట్ నీళ్లు పోయించి లోపలికి చెమ్మ వస్తుందేమో చేయి పెట్టి తడమండి. మర్నాడు ఉదయం బ్యాటరీ వోల్టేజీ ఒకసారి కొలవండి.

పాత బీసీఎంను వర్క్‌షాపులో వదిలేయవచ్చా?

వద్దు, అడిగి తెచ్చుకోండి. మీ తాళాల వివరాలు అందులో ఉంటాయి. కొత్తదాని వారంటీ ముగిసేదాకా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పొడి చోట పెట్టండి. కోడింగ్‌లో ఏదైనా తప్పిందని తర్వాత తెలిస్తే పాత బోర్డు మెమరీ నుంచే సరైన వివరాలు తీసుకునే వీలుంటుంది. వారంటీ కింద బాక్సు ఉచితంగా మార్చిన సందర్భంలో మాత్రం పాతదాన్ని కంపెనీ తీసుకుంటుంది, అప్పుడు దాని నంబరు జాబ్ కార్డు మీద రాయించుకోండి.